నలుగురు తవిటయ్యలకి ఎండ పరీక్ష

నమోదు 1

మూడోగట్టు సంఘంలో జీతం తీసుకునే ప్రతి మనిషీ చిట్టా రాయాలని కొత్తగా ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఎవరు చదువుతారన్నది మాత్రం ఉత్తర్వులో లేదు. చదివేవాడు లేడని తెలిశాక రాయడంలో ఒక సుఖముంది. అందుకని ఉన్నదున్నట్టు రాస్తాను.

నా పేరు పోలమాంబ. ఊళ్ళో పోలమ్మంటారు. నా ఉద్యోగం పేరు వాతావరణ నిరోధక పదార్థాల పరీక్షాధికారి. ఆ పేరు రాసిన బోర్డు నా గది తలుపు కంటే వెడల్పు. పని మాత్రం చిన్నదే. ప్రింటరులో పోసిన ప్లాస్టిక్ వస్తువుల్ని తీసుకెళ్ళి ఎండలో, ఉప్పుగాలిలో పడేసి, ఏది చచ్చింది, ఏది బతికింది అని చూడటం.

ఇవాళ సంఘం ప్రెసిడెంటు తవిటయ్యగారు కబురు పెట్టారు. కత్తెర ఎండలు మొదలయ్యేలోగా పందిళ్ళ కొక్కేలన్నీ మార్చాలట. పాత ఇనప కొక్కేలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. పందిరి లేనిదే మా ఊళ్ళో పొద్దెక్కాక గుమ్మం దాటే మొనగాడు లేడు. వీధివీధికీ గుడ్డ పందిరి, దానికి రెండు వైపులా స్తంభాలు, ప్రతి స్తంభం నెత్తిన ఒక కొక్కెం. గుడ్డ బరువంతా వాటి మీదే. గుడ్డ సర్దడానికి స్తంభం ఎక్కేవాళ్ళు తమ నడుం తాడు కూడా ఆ కొక్కేనికే తగిలించుకుంటారు. అలా ఎక్కేవాళ్ళలో మా చెల్లెలు ఎర్నమ్మ ఒకతి.

అంటే నేను ఏ ప్లాస్టిక్‌కి సరేనంటే మా చెల్లి దానికి వేలాడుతుంది. నా ఉద్యోగం గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు.

నమోదు 2

పరీక్షకి నాలుగు ప్లాస్టిక్‌లు వచ్చాయి. పీఎల్‌ఏ, పెట్‌జీ, ఏబీఎస్, ఏఎస్‌ఏ. ఊళ్ళో వీటికి వేరే పేర్లున్నాయి, నేనూ వాటితోనే రాస్తాను.

మొదటిది మొక్కజొన్న. గింజల పిండి నుంచి తీస్తారు కాబట్టి ఆ పేరు. తళతళలాడుతుంది, అడిగిన రంగులో వస్తుంది, వాసన రాదు, ప్రింటరు ఎలా చెబితే అలా వింటుంది. వేడి తగిలిందా, ఇక దాని ఒంట్లో ఎముకుండదు. రెండోది సీసా, పాత నీళ్ళ సీసాల జాతి. వంగుతుంది గాని తొందరగా విరగదు. పోసేటప్పుడు పీచులు పీచులుగా సాగి, దించిన ప్రతి వస్తువుకీ గడ్డం గీయాల్సిన పని పెడుతుంది. మూడోది బొమ్మలది, వెనకటి రోజుల్లో దాంతో పిల్లల బొమ్మలు చేసేవారట. వేడికి ఓర్చుకుంటుంది, ఎండ పొడకి ఓర్చుకోలేదు. పచ్చబడి పెళుసెక్కుతుంది. నాలుగోది కంపుది. బొమ్మలదానికి తోబుట్టువే, కాకపోతే ఎండలో బతకడానికే పుట్టింది. పోస్తున్నంతసేపూ కంపు. తలుపులు మూసిన పెట్టెలో వెచ్చగా ఉంచి పోయాలి, లేకపోతే అలిగి మూలలు పైకి లేపేస్తుంది. రంగులు కూడా నలుపు, బూడిద, అంతే.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. మళ్ళీ పరీక్ష ఎందుకంటే, ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా ఎండ చూసి ఉండరు. వాళ్ళ కాలంలో ఎండంటే విసుక్కునే వస్తువు, భయపడే వస్తువు కాదు.

ప్రింటర్లు నడిపే గురువులు అనే అతను నమూనాకి ఒక్క కంపు కొక్కెం పోసి, ఇక పోయనని మొండికేశాడు. తలనొప్పట. తవిటయ్యగారు స్వయంగా వచ్చి నాలుగు కొక్కేలూ చేతిలోకి తీసుకుని చూశారు. మొక్కజొన్నదాన్ని మాత్రం చాలాసేపు తిప్పితిప్పి చూశారు. దాని మెరుపులో ఆయన మీసం కనిపిస్తోంది. గులాబీ రంగులో కూడా వస్తుందా అని అడిగారు. వస్తుందన్నాను. ఆ ఒక్క ప్రశ్నతో వారి సాంకేతిక పరిశీలన ముగిసింది.

నమోదు 3

గట్టు చివర, పందిరి అయిపోయిన చోట నా ఎండబల్ల ఉంటుంది. పంపు దగ్గరికి నీళ్ళకెళ్ళే దారి అది. తెల్లవారుతుండగా వెళ్ళి నాలుగు కొక్కేల్నీ బల్లకి బిగించి, ఒక్కోదానికి ఇసక బస్తా వేలాడదీశాను. మళ్ళీ పొద్దు వాలాక వెళ్ళి చూడటం. నడిమధ్యాహ్నం వెళ్ళాలంటే తడిగుడ్డల తొడుగు వేసుకోవాలి, ఆ తొడుగు మొత్తం ఊరికి ఒక్కటే ఉంది, అది తవిటయ్యగారింట్లో ఉంది.

లోపలే కూర్చుని, ఎండలా కాల్చే పరీక్ష దీపం కింద పెట్టి చూడొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ దీపం సంఘం హాల్లో తవిటయ్యగారి ఫోటోకి పెట్టారు.

నమోదు 4

వింత. వారాలు గడిచాయి, నాలుగు కొక్కేలూ ప్రింటరు నుంచి ఇప్పుడే దించినట్టున్నాయి. మొక్కజొన్నది కూడా. మొదటి రోజు సాయంత్రానికే అది మూలుగుతుందనుకున్నాను. మబ్బు పట్టిందా అంటే అదీ లేదు. పుస్తకాలు తప్పా, నేను తప్పా అని తల పట్టుకున్నాను.

ఈలోగా సంఘం నుంచి ఒకటే ఒత్తిడి, నివేదిక ఏదీ, నివేదిక ఏదీ అని. ఇంతవరకు తేడా ఏమీ కనిపించలేదు, పరీక్ష ఇంకా సాగాలి అని రాసి ఇచ్చాను. సభలో తవిటయ్యగారు దాన్ని పైకి చదివారు. తేడా ఏమీ లేదని పరీక్షాధికారి తేల్చారు అని చదివారు. అటూ ఇటూ ఉన్న మాటలు ఆయన కళ్ళకి ఆనలేదు కాబోలు. తేడా లేనప్పుడు అందమైనదే తీసుకుందామన్నారు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. గులాబీ రంగు మొక్కజొన్న ఖాయమైంది. గురువులు నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఇంటికొచ్చి ఎర్నమ్మకి చెప్పాను, నాకు నమ్మకం కుదరడం లేదని. అది కాళ్ళకి ఆముదం రాసుకుంటూ కూర్చుంది.

"నువ్వు పరీచ్చ సేసినావు గదా అప్పా. ఇంకేటి బెంగ?" అంది.



నమోదు 5

దొరికింది. దొరకగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తవిటయ్యగారి భార్యని బతిమాలి తడి తొడుగు తెచ్చుకుని నడిమధ్యాహ్నం ఎండబల్ల దగ్గరికి పోయాను. నా బల్ల మీద గిడుగుల జాతర. ఒకటి కాదు, రెండు కాదు. తాటాకు గిడుగులు ఒకదాని మీద ఒకటి, వాటి మీద తడిపిన గోనె, గోనె మీద ఎవరో చీర కొంగు చింపి కప్పినట్టున్నారు. కింద నా నాలుగు కొక్కేలూ చల్లగా, హాయిగా ఉన్నాయి. మా ఊళ్ళో మనుషులక్కూడా అంత సుఖం లేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, అదే నా ఖర్మ. గిడుగంటే నెత్తిన పెట్టుకునే తాటాకు గొడుగు. మూడోగట్టులో పుట్టిన ప్రతి పిల్లకీ నడక రాగానే చేతికి రెండు గిడుగులిస్తారు, ఒకటి తనకి, రెండోది ఎండలో కనబడ్డవాళ్ళకి. ఇక్కడికి వలస వచ్చిన తొలి వేసవుల్లో దారి మీద పడిపోయిన మనిషికి నీడ పట్టినవాళ్ళుంటే బతికాడు, లేకపోతే లేదు. అప్పుడు మొదలైంది. ఇప్పుడు మనిషో మేకో చూడరు. ఎండలో ఏది కనబడినా నీడ వేసి గాని ముందుకి కదలరు. పొద్దున్నే పంపుకి వెళ్తూ వేస్తారు, సాయంత్రం తిరిగొస్తూ ఎవరి గిడుగు వాళ్ళు తీసుకుపోతారు. నేను వెళ్ళేది ముందూ వెనకా. నాకెలా కనిపిస్తుంది?

పంపు దగ్గర సింహాలమ్మని నిలదీశాను. ముసలావిడ, నీడ వెయ్యడంలో ఊరికే పెద్ద. ఎండలో పెట్టడానికే పెట్టాను పిన్నీ, ఎండలో పెట్టడమే నా ఉద్యోగం అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"బస్తాలు మోస్తన్నాయమ్మా అయి. బరువు మోసేవోళ్ళకి నీడెయ్యకపోతే మనం మనుసులవేటి?" అంది.



నమోదు 6

ఎండబల్ల దగ్గర బోర్డు పెట్టాను. ఇక్కడ నీడ వేయరాదు అని పెద్ద పెద్ద అక్షరాలతో. సాయంత్రానికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. పోలమ్మకి మతి చెడిందన్నారు, దాని మనసు రాయి అన్నారు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ తొడుగు వేసుకుని వెళ్ళాను. కొక్కేల మీద గిడుగులు యథాప్రకారం ఉన్నాయి. కొత్తగా బోర్డు మీద కూడా ఒకటి వేశారు.

తవిటయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. పరీక్ష చెల్లదు, నీడలో పెట్టి చేసినట్టయింది, కొక్కేలు ఆపండి అన్నాను. ఆయన చల్లగా విన్నారు. మా ఊళ్ళో చల్లగా వినగలిగే స్తోమత ఆయన ఒక్కరికే ఉంది.

ఊరి జనం దయాగుణాన్ని తప్పుపడుతున్నావా అని అడిగారు. సంతకం నీదే కదా అని అడిగారు. అప్పటికే హాల్లో ప్రింటర్లు వరసగా గులాబీ కొక్కేలు పోస్తున్నాయి, జనం చుట్టూ చేరి చూస్తున్నారు. కంపు లేదు కదా, తిరునాళ్ళలా ఉంది. నేను ఒక మొక్కజొన్న కొక్కెం ఎత్తుకుపోయి, మా డాబా మీద ఎవరికీ కనబడకుండా ఎండలో పెట్టి, వంకర తిరిగిపోయినదాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని వేలితో పక్కకి నెట్టారు.

"పొయ్యి మీద ఎట్టి తెచ్చినావు. మాకు తెలీదేటి?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 7

ఇవాళ ఎక్కువ రాయలేను.

కొక్కేలు బిగించి ఇంకా వారం కాలేదు. పొద్దున్నే పంపువీధి పందిరి సర్దడానికి ఎర్నమ్మ ఎక్కింది. నిన్ననే చెప్పింది నాతో, కొక్కెం పట్టుకుంటే చేతికి మెత్తగా తగులుతోంది, పండిన అరటిపండులా ఉంది అని. ఎక్కొద్దన్నాను. నేను ఎక్కకపోతే ఆ స్తంభం మరొకళ్ళు ఎక్కాలి కదా అంది. తాడు తగిలించి ఒళ్ళు వదిలేసరికి కొక్కెం నోరు తెరిచేసింది. పక్కనున్న పందిరి గుడ్డ మీద పడి, అక్కడి నుంచి నేల మీద పడింది. గుడ్డ లేకపోతే ఈ నమోదు రాయడానికి నాకు చేతులు వచ్చేవి కావు.

కుడి భుజం జారింది. ఎముకలు సరిచేసే ఆయన లాగి కట్టు కట్టాడు. అది ఏడవలేదు, నేను ఏడిచాను.

నమోదు 8

ఎర్నమ్మ పడిపోవడానికి కారణం కనిపెట్టడానికి సంఘం సభ పెట్టారు. కనిపెట్టేశారు కూడా. కారణం ఎర్నమ్మేనట.

తాడు ముడి వేయడం తప్పిందని ఒకరన్నారు. తాడే పాతదని ఇంకొకరు. ఆఖరికి రేషను కొట్టు నుంచి కాటా తెప్పించి, కట్టు కట్టిన చేయితో నా చెల్లిని దాని మీద నిలబెట్టారు. పందిరెక్కేవాళ్ళకి ఉండాల్సిన దాని కంటే కాస్త బరువుందని తీర్మానించారు. ఆ ఉండాల్సిన బరువెంతో అంతకు ముందు ఎక్కడా రాసి లేదు, సభలోనే రాసుకున్నారు. నోరు తెరిచిన కొక్కేన్ని నేను చూపించబోతే, లాగితే ఏదైనా తెరుచుకుంటుందన్నారు తవిటయ్యగారు.

కత్తెరకి ముందు ఒక రోజు ఊరి పందిళ్ళన్నీ ఒకేసారి బిగించి కడతారు. పెద్ద బిగింపు అంటాం. అప్పటిదాకా గుడ్డలు వదులుగా ఉంటాయి కాబట్టి మిగతా కొక్కేలు ఎలాగో నెట్టుకొస్తున్నాయి. ఆ రోజు మాత్రం ఎక్కేవాళ్ళంతా ఒకేసారి వాటికి వేలాడి లాగుతారు. అలా ఎన్ని నోళ్ళు తెరుచుకుంటాయో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక ఎర్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే చెప్పింది, పెద్ద బిగింపుకి తను ఎక్కుతుందని. ఒంటి చేత్తో ఎలా ఎక్కుతావే, చావడానికా అని అరిచాను.

"ఎక్కకపోతే తప్పు నాదేనని ఒప్పేసుకున్నట్టు గదా. నా తాడు ఇంకోళ్ళకిచ్చెత్తారు. నానేటి సెయ్యాల అప్పా?"

అది అడిగింది నన్ను కాదని తెలుసు. అయినా నాకే తగిలింది.

నమోదు 9

ఈ ఊళ్ళో నీడ పడనిది ఏదైనా ఉందా అని వెతుకుతూ తిరిగాను. పిచ్చిదాన్నయ్యాననుకున్నారు. విరిగిన కుండకి గిడుగుంది. కుక్కకి ఉంది. చచ్చిన పడవకి ఉంది. రాళ్ళ కుప్పకి కూడా ఎవరో జాలిపడి ఒకటి వేశారు.

ఊరి మొదట్లో స్వాగతం ఆర్చి ఉంది. దాని మీద తవిటయ్యగారి నిలువెత్తు ఫోటో. రోజూ దాని కిందినుంచే వెళ్తాను, ఏనాడూ తలెత్తి చూడలేదు. ఇవాళ చూశాను. ఎండకి రంగంతా ఎగిరిపోయి మొహం తెల్ల కాగితమైపోయింది. మీసం ఒక్కటే మిగిలింది, అది కూడా సగమే.

ఊరంతా కుండలకీ రాళ్ళకీ నీడ వేసుకుంటూ, ఇన్నేళ్ళుగా ఆయన కిందినుంచే నడిచిపోయింది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. నాకు తెలుసు. తవిటయ్యగారు గిడుగు పట్టుకోగా ఎవరూ చూడలేదు. ఆయనకి పట్టడానికి జీతగాడున్నాడు. ఇక ఆయన ఇంకొకరికి పట్టడమన్నది జరగని మాట. పంపు దగ్గర ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయిన రోజున కూడా, దాటుకుని వెళ్ళారాయన.

ఆర్చి కింద నిలబడి ఒక్కదాన్నే నవ్వాను. నాకు దారి దొరికింది.

నమోదు 10

తవిటయ్యగారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. కొక్కేల సంగతి నాకెందుకు, ఊరి కోసం ఇంత చేసిన మనిషికి ఒక విగ్రహమైనా లేకపోవడం ఏమిటి అన్నాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ఛాతీ దాకా ఉండే విగ్రహం, ఎండబల్ల మీద పెడితే పంపుకెళ్ళే ప్రతి ఒక్కరూ దర్శనం చేసుకుంటారు అన్నాను. ఇంకాస్త జరిగారు. ఏ ప్లాస్టిక్‌లో మీ కళ బాగా నిలుస్తుందో తేల్చడానికి నాలుగింటిలోనూ ఒక్కోటి పోసి చూద్దామన్నాను.

"నాలుగా?" అన్నారాయన. ఆ గొంతులో అంత మెత్తదనం అంతకు ముందెన్నడూ వినలేదు.

కంపుది పోయనన్న గురువులుకి ప్రెసిడెంటు ఉత్తర్వు వెళ్ళింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పెట్టె తలుపులు మూసి, నన్ను తిట్టుకుంటూ పోశాడు. సీసా తవిటయ్యకి మెడ నిండా పీచులొచ్చాయి, బ్లేడు పెట్టి గీకాం. బొమ్మల తవిటయ్య బాగా కుదిరాడు. మొక్కజొన్న తవిటయ్య గులాబీ రంగులో నిగనిగలాడాడు. నిజం మనిషి దాని పక్కన నిలబడి తన చెంప తడుముకున్నాడు.

నలుగురినీ ఎండబల్ల మీద వరసగా కూర్చోబెట్టాను. నీడ వేయరాదన్న బోర్డు పీకేశాను. అది లేకపోయినా ఇబ్బంది లేదని నాకు తెలుసు.

నమోదు 11

ఒక్క గిడుగు పడలేదు.

మొదటి రోజు సాయంత్రానికే మొక్కజొన్న తవిటయ్య ముక్కు మీసం మీదికి దిగింది. ఆ వారంలోనే మెడ ముందుకి వాలి, ఎవరినో క్షమించమని వేడుకుంటున్నట్టు తయారయ్యాడు. జనం పంపుకెళ్తూ ఆగి చూస్తున్నారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తున్నారు. అటు పక్కనే ఒక మేక ఎండలో నిలబడితే ముగ్గురు గిడుగులు పట్టుకుని పరిగెత్తారు.

సింహాలమ్మ కూడా ఆగింది. చేతిలో రెండో గిడుగు ఉంది. కాసేపు అటూ ఇటూ చూసి, మోకాళ్ళు నొప్పులని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

నేనూ రోజూ ఆ నలుగురి ముందు నుంచే నడుస్తున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఎండలో వస్తువు కనబడితే చేయి దానంతటదే లేచే ఊరు మాది. నా చేయి ఒక్కసారి కూడా లేవలేదు. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందేమైనా ఉందేమో ఇంకా తేల్చుకోలేదు.

తవిటయ్యగారు మాత్రం ఇటు రాలేదు. విగ్రహాలు ఎలా ఉన్నాయని జీతగాడితో అడిగిస్తారు. జనం బాగా చూస్తున్నారండీ అని చెప్పి పంపిస్తాను. అందులో అబద్ధం లేదు.

నమోదు 12

పెద్ద బిగింపు రేపు. ఎర్నమ్మ పొద్దున లేచి ఎడమ చేత్తో తాడు ముడి వేయడం సాధన చేస్తుంటే చూడలేక, తవిటయ్యగారికి కబురు పంపాను. విగ్రహాల్లో ఒకటి ఎంచుకోవాలి, తమరే దయచేయాలి అని.

వచ్చారు. ఇస్త్రీ చొక్కా, వెనక గిడుగు పట్టిన జీతగాడు. ఆయన ఎండబల్లకి వస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా పందిరి అంచు దాకా వచ్చి నిలబడింది. తాడు భుజాన వేసుకుని ఎక్కేవాళ్ళు కూడా వచ్చారు.

నేను ఒక్కోటీ చూపించాను. మొక్కజొన్న తవిటయ్యకి మొహం గడ్డం దాకా జారి, గడ్డం ఛాతీలో కలిసిపోయింది. సీసా తవిటయ్యకి రూపం చెడలేదు, మెరుపు పోయి ఒక భుజం కుంగింది. బొమ్మల తవిటయ్య పచ్చబడ్డాడు, నుదుటి నుంచి పెదవి దాకా పగులిచ్చింది. కంపు తవిటయ్య మాత్రం పోసిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు, అదే మీసం, అదే చిరాకు. రేపు మా వాళ్ళు వేలాడబోయే కొక్కేలు ఈ మొదటాయనతో పోసినవి, ఇంక మీ ఇష్టం అన్నాను. 

ఆయన నా మాటలేవీ విననేలేదు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, కింద నేలంతా చూశారు. ఎక్కడైనా తాటాకు ముక్క పడి ఉందేమోనని వెతుకుతున్నారని నాకప్పుడు అర్థమైంది.

"ఇయి పెట్టిన కాడ్నుంచీ ఇక్కడే ఉన్నాయా?" అన్నారు.

"ఇక్కడే ఉన్నాయండి."

"ఒక్కడు కూడా గిడుగెయ్యలేదా?"

నేను పందిరి వైపు చూశాను. అక్కడ అంతమంది గిడుగులతో నిలబడి ఉన్నారు.

"నాను కాదనుకున్నారేమో," అన్నారాయన.

"నాలుగోది అచ్చం మీలాగే ఉందండి," అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో. ఇన్నాళ్ళ కడుపు మంట ఊరుకోలేదు.

అప్పుడాయన ఎవరూ అనుకోని పని చేశారు. జీతగాణ్ణి పొమ్మన్నారు. వాడు అర్థంకాక నిలబడితే మళ్ళీ పొమ్మన్నారు. వాడు గిడుగుతో సహా పందిరి కిందికి వచ్చేశాడు. తవిటయ్యగారు తన నలుగురి పక్కన ఐదోవాడిలా ఎండలో నిలబడ్డారు, మా వైపు తిరిగి, ఏమీ అడగకుండా. కాసేపటికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మీసం చివర్ల నుంచి చెమట కారుతోంది. జనం చేతుల్లో ఎన్ని గిడుగులున్నాయో, అన్నీ నేల వైపే ఉన్నాయి. సింహాలమ్మ కళ్ళు మూసుకుంది. నాకు ఆయన మీద ఉన్న కోపం అలాగే ఉంది, అయినా భయమేసింది. మనిషిని అలా నిలబెట్టి చూసే ఊరు కాదు మాది.

పందిరి కింద నుంచి ఎర్నమ్మ బయటికి నడిచింది. కుడి చేయి మెడకి కట్టి ఉంది, ఎడమ చేతిలో గిడుగు. నేరుగా వెళ్ళి ఆయన పక్కన నిలబడి గిడుగు పైకెత్తింది. అది పొట్టిది, ఆయన పొడుగు. మునివేళ్ళ మీద లేచింది. అప్పటికీ నీడ ఆయన సగం మొహం మీదే పడింది. రెండో సగం ఎండలోనే ఉంది.

తవిటయ్యగారు దాని కట్టు వైపు చూశారు. ఏదో అనబోయారు.

"రేపటికి ఆ గులాబీ కొక్కేలు దించీమని సెప్పండి బాబూ," అంది ఎర్నమ్మ. "నాకు ఒక్క సెయ్యే పంజేస్తంది. ఎంతసేపని పట్టుకోగల్ను?"

ఆయన పెదాలు కదిలాయి. దించండి అన్నట్టు వినబడింది, వినబడనట్టూ ఉంది.

"ఆ కొసనున్నోళ్ళకి ఇనబళ్ళేదు," అంది అది.

ఆయన గొంతు సవరించుకున్నారు. కొక్కేలన్నీ దించమని, బిగింపు వాయిదా వేయమని, గురువులు ముక్కుకి గుడ్డ కట్టుకుని పెట్టె తలుపులు మూయాలని ఊరంతా వినేలా అరిచి చెప్పారు.

అప్పుడు ఎర్నమ్మ ఇంకొక అడుగు దగ్గరికి జరిగి, గిడుగుని ఆయన రెండో చెవి మీదికి కూడా జరిపింది.